నిప్పు పడిన నాటి కూలి

అది జ్యేష్ఠమాసము. ప్రచండమార్తాండ కరనికర సంతప్తమైన భూతలము కాలిన పెనమువలె సెగలు గ్రక్కుచుండ పడమటి కొండలమీదుగా వీచు వడగాలి వీధులలోని ధూళినెల్ల పైకెత్తి ఇండ్ల చూరులమీద కుమ్మరించుచుండ కాలువలు అడుగంటి బురదచాఱలై మిగిలియుండ పశువులు నీడపట్టులు వెదకికొని నాలుకలు వెడలజాచి రొప్పుచుండ మాధవపట్టణమను నా పురము మధ్యాహ్నవేళ తలుపులు బిగించుకొని మనుష్యసంచార రహితమై పడియుండెను. ఆ పురమున మేడలు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే కలవు. తక్కినవన్నియు తాటాకు కప్పులు గల పూరిండ్లు. ఒకదాని చూరు వేఱొకదాని చూరును తాకుచు వీధి యీ చివరనుండి యా చివరవఱకు ఒకే కప్పువలె కానవచ్చుచుండెను. అందుచేత వేసవి వచ్చినదనగానే అచటి జనుల గుండెలలో రాయి పడుచుండెను.

ఇట్టి యాపద నెదుర్కొనుటకై పురపాలక సంఘమువారు కొన్ని యేండ్లకు పూర్వము అగ్నిపన్ను అను పేర ఇంటింటికిని ఒక పన్ను విధించి ఎద్దులు లాగు నీళ్ళయంత్రము నొకదానిని తెప్పించి పెద్దబజారులో దానికొక సాల కట్టించి దానిని నడుపుటకు నెలజీతములమీద కొందఱు బంట్రోతులను నియమించి వారిపై బంగారునాయుడను వానిని జమేదారుగా నుంచిరి. కాలిన యింటికి క్రొత్త తాటాకును వెదుళ్ళును ఆ పన్నునుండియే యిప్పించు నాచారమునుగూడ నెలకొల్పిరి. మొదట జనులు సంతోషించిరి. కాని యే యూరనైనను నిప్పు పడని దినములే యెక్కువ గదా. ఆ దినములలో బంట్రోతులు సాల యరుగుమీద కూర్చుండి తోలుగొట్టములకు ఆముదము రాచుచు పులిజూదమాడుచు కునికిపాట్లు పడుచు నుండుట బజారున పోవువారి కంటబడుచుండెను. పన్ను కట్టిన చేతులే వారిని వ్రేలెత్తి చూపసాగెను.

ఇట్లు చూపినవారిలో త్రివిక్రమ పంతులు అగ్రగణ్యుడు. ఆయన న్యాయవాది, సంఘసభ్యుడు, సంశయస్వభావుడు. పాలమనిషి యెదుటనే గేదెను పిండి పాలిచ్చినను ఆ గేదె అంతకుముందు ఎంత నీరు త్రాగినదో విచారించును. గుడిలో తీర్థమిచ్చినను వాసన చూచి మఱి పుచ్చుకొనును. అంతమాత్రమున ఆయనను దుర్జనుడని తలపరాదు. ఒకరియొద్ద చేయి చాపి యెఱుగడు. ఊరి సొమ్ము ఊరకే పోరాదను తపన యొక్కటియే ఆయనను పట్టి పీడించుచుండెను.

ఒకనాడు సంఘసభలో ఆయన లేచి నిలువబడి ఉత్తరీయము సవరించుకొని యిట్లుపన్యసించెను. “ఆర్యులారా! పొలమున పని లేని నాడు పాలేరునకు కూలి యిచ్చువాడు మనలో నెవడైన కలడా? నిప్పు లేని నాడు ఈ బంట్రోతులకు పని యేది? పని లేనివానికి జీతమేల? నిప్పు పడిన నాడు కూలి యిచ్చిన చాలదా? ఆ నిప్పు నిజమైనదని సభ్యుడొకడు చూచి వ్రాసి యిచ్చినగాని ఆ కూలియు ఈయరాదు.” సభ్యులందఱును బల్లలు చఱచిరి. పన్ను తగ్గునను ఆశ వారి ముఖములలో వెలుగుచుండెను. ద్వారముకడ నిలిచియున్న బంగారునాయుడు మాత్రము చేతులు నలుపుకొనుచు, “బాబూ, ఇన్నాళ్ళూ ఊరు సల్లగుండాలని మొక్కుకునేవోళ్ళం. ఇకమీదట నిప్పు పడాలని మొక్కుకోమంటారేటి?” అనెను. అందఱును ఫక్కున నవ్విరి. తీర్మానము నెగ్గెను.

ఆ యేటి వేసవిలో మాధవపట్టణమున నిప్పు పడుట మిక్కుటమయ్యెను. ఒక వారము చాకలివీధిలో పడును. మఱియొక వారము కుమ్మరివీధిలో పడును. యంత్రము గంట మ్రోగించుకొనుచు పరుగెత్తును, జనులు మూగుదురు, బంగారునాయుడు కొక్కెపుగెడతో మండుచున్న కప్పును లాగివైచును, పంతులు వెడలి చూచి నిజమని వ్రాసి యిచ్చును, బంట్రోతులు కూలి పుచ్చుకొని పోదురు. ఊరక కూర్చుండువారిచే పని చేయించితినని పంతులునకు మొదట గర్వము కలిగెను. పిదప అనుమానము పుట్టెను. అనుమానము పుట్టిన పిదప ఆయనకు అన్నము సయింపదు.

ఆయన చూపు సూదివంటిది. ఏ యిల్లు కాలినను పక్క యిల్లు కాలుట లేదు. వడగాలి వీచు దినమున నిప్పు పడదు. ఆకు కదలని దినముననే పడును. కాలిన కప్పు ఎల్లప్పుడును చివికి చిల్లులు పడిన పాతకప్పే. అన్నిటికంటె విచిత్రమైన దొకటి కలదు. యంత్రము వచ్చునప్పటికే ఆ యింటి సామానంతయు వీధిలో పొందికగా అమర్చబడి యుండును. కుండలు దొంతరలుగా నుండును. మంచము గోడకు చేరవేయబడి యుండును. చేటయు రోకలియు ఒకచోట కోళ్ళగంప వేఱొకచోట కుదురుగా నుండును. ఇల్లు కాలుచున్నవాడు గుండెలు బాదుకొనుచు చేతికందినది విసరివేయునే గాని కుండమీద కుండ పెట్టి కూర్చునా? ఇట్లు తర్కించి తర్కించి పంతులు ఒక నిశ్చయమునకు వచ్చెను. వానలు రానున్నవి. చివికిన కప్పు ఎట్లును మార్పింపవలెను. ఇల్లు కాలెనా యింటివానికి తాటాకు ఉచితము, బంట్రోతునకు కూలి. కావున ఇంటివాడును బంట్రోతును చేతులు కలిపిరి.

ఆయన పొరబడలేదు. జరిగినది అక్షరాల అదియే.

అంతట పంతులు మేకవన్నె పులులను పట్టుకొంటినని ఉప్పొంగి రానున్న సభలో ఈ మోసమును బట్టబయలు చేసెదనని నలుగురితో చెప్పి అంతవఱకు సాల తాళపుచెవి తనయొద్దనే యుంచుకొన నిశ్చయించెను. తాను స్వయముగా చూచి నిజమైన నిప్పని తేల్చినగాని యంత్రము కదలరాదని శాసించి తాళపుచెవిని ఉత్తరీయపు కొంగున ముడివైచుకొనెను. బంగారునాయుడు మొగము పాలిపోయి, “తాళం మీ కాడుంటే ఎలాగండీ? నిప్పు మనకోసం ఆగుద్దా?” అనెను. పంతులు చిఱునవ్వు నవ్వి, “నీవు చెప్పిన నాగదటోయ్?” అని సాగనంపెను. జమేదారు తల వంచుకొని పోయెను.

సభకు ముందునాడు బండివీధిలోని నూకరాజను బండివాని యింట పురుటిశుద్ధి జరుగుచుండెను. అతని భార్య పైడమ్మ తొలిచూలున మగబిడ్డను గని జ్వరపడి పురిటిగదిలో ఒడలు తెలియక పడియుండెను. పురుడు వెడలు దినమున ఇంటిలోని సామానునెల్ల వీధిలోనికి తెచ్చి పెట్టి ఇల్లలికి పసుపునీళ్ళు చల్లి తల్లికి తలంటు పోసిన పిమ్మటనే మరల లోనికి చేర్చుట వారి యాచారము. పైడమ్మ యత్త అచ్చియ్యమ్మ ఉదయముననే కుండలును మంచమును చేటలును వీధిలో పొందికగా అమర్చి మధ్యాహ్నమునకు పెరటిపొయ్యిమీద తలంటునకు నీళ్ళ కాగు ఎక్కించి తల్లియు బిడ్డయు కునుకు తీయుచుండిరిగదా యని పురిటిబట్టలు మూటగట్టుకొని అడుగంటిన కాలువలోని చెలమకడకు పోయెను. నూకరాజు బెల్లపు బండి తోలుకొని సంతకు పోయియుండెను. అంతలో పడమటిగాలి విసరెను. పొయ్యిలోని రవ్వలు లేచి పెరటిచూరున పడెను.

పొగను చూచినంతనే బంట్రోతులు కొక్కెపుగెడలు భుజమున వైచుకొని బండివీధికి పరుగెత్తి నిప్పు పాకకుండ పక్క యిండ్ల చూరులను లాగివైచుచుండిరి. బంగారునాయుడు మాత్రము తాళపుచెవికై పంతులింటికి పరుగెత్తెను. పంతులు భోజనానంతరము పడకకుర్చీలో మేను వాల్చి తాంబూలము నమలుచుండెను. విషయము వినియు ఆయన తొందరపడలేదు. చెప్పులు తొడుగుకొని గొడుగు విప్పుకొని ముందు తాను చూడవలెనని బయలుదేరెను. జమేదారు ఆయనకంటె నాలుగడుగులు ముందుకు పరుగెత్తుచు మరల వెనుకకు వచ్చుచు కాలుగాలిన పిల్లివలె తిరుగుచుండెను.

వీధి మలుపున పంతులు ఠక్కున నిలిచిపోయెను. మండుచున్న యింటి యెదుట కుండలు దొంతరలుగా నుండెను. మంచము గోడకు చేరవేయబడి యుండెను. చేటలు వరుసగా నుండెను. ఏడ్చుచున్నవారు గాని గుండెలు బాదుకొనువారు గాని ఆ గుమ్మముకడ నొక్కరును కానరాలేదు. ఇరుగుపొరుగువారు తమ తమ యిండ్ల సామాను వెలికి చేర్చుకొను తొందరలో నుండిరి. పంతులు ముఖము వికసించెను.

“ఇదిగో కుండలు! ఇదిగో మంచము! సభ రేపనగా గూడ మీ చేయి ఊరకుండలేదటోయ్ నాయుడూ?”

“బాబూ, ఇది మాది కాదు! మీ కాళ్ళట్టుకుంటాను, తాళం ఇప్పించండి!”

“ఇది మీది కాదా? అట్లయిన తక్కినవన్నియు మీవేయన్నమాట! ఆ మాట నలుగురి యెదుట చెప్పు. పిమ్మట తాళము.”

బంగారునాయుడు ఒకసారి మంటవైపును ఒకసారి ఆ ఉత్తరీయపు ముడివైపును చూచెను. అతని కన్నుల నీరు తిరిగెను. “మావే బాబూ, అవన్నీ మావే! ఆళ్ళ కప్పులు కుళ్ళిపోనాయి, మా కడుపులు ఎండిపోనాయి. గాలి లేని రోజు సూసి, మనిసి లేని కొంప సూసి, నీళ్ళు పక్కనెట్టుకుని మరీ అంటించినాం. రేపు నన్ను జైల్లో ఎట్టించండి. గాలి సూడండి బాబూ! ఇంత గాలిలో మేం అంటిత్తామా?”

గాలి వీచుచునే యుండెను. పంతులు దానిని గమనింపలేదు. ఏండ్ల తరబడి న్యాయస్థానములలో ప్రతివాది నోట నొప్పుదల రాబట్టుటయే వృత్తిగా గల యాయనకు ఆ క్షణమున జయము తప్ప వేఱొండు కనబడలేదు. చుట్టును చూచి ఈ మాట విన్నవా రెవరెవరని యడిగి ఒక కోమటి పేరును ఒక మంగలి పేరును తెలిసికొని జ్ఞాపకముంచుకొనుచుండెను. నోటిలోని తాంబూలము ఇంకను అరుగలేదు. అంతలో కాలువగట్టునుండి తడిబట్టల మూట నెత్తిన బెట్టుకొని వచ్చుచున్న అచ్చియ్యమ్మ ఆ మంటను చూచి మిన్ను విఱిగి మీద పడినట్లు కేకపెట్టెను.

“ఓరి నాయనో! లోన బాలింతుందిరా! పసిగుడ్డుందిరా!”

పంతులు చేతినుండి గొడుగు జాఱిపడెను. కొంగుముడి విప్పబోగా అది మఱింత బిగిసెను. ఒక బంట్రోతు ఉత్తరీయమునే ఊడలాగికొని సాలవైపు పరుగెత్తెను. బంగారునాయుడు దానికై నిలువక అచ్చియ్యమ్మ నెత్తిమీది తడిబట్టలను లాగి తలకును మేనికిని చుట్టుకొని మంటలోనికి చొచ్చెను. పొగలోనుండి బిడ్డను గుడ్డలలో పొదివికొని వచ్చి అవ్వ చేతుల నిడి మరల చొచ్చెను. ఈ మారు దూలము విఱిగి కప్పు కూలెను. బంట్రోతులు గెడలతో నతనిని బయటికి లాగిరి. అతని రెండు చేతులును మోచేతులవఱకు కాలిపోయి యుండెను. పైడమ్మ రాలేదు. యంత్రము వచ్చి నీరు చిమ్మునప్పటికి పక్క యిండ్లు దక్కెను. నూకరాజు యింట మాత్రము నీటిచే రక్షింపదగిన దేదియు మిగులలేదు.

సాయంకాలమున పంతులు గొడుగు లేక ఉత్తరీయము లేక ఒంటరిగా బండివీధికి వచ్చెను. ఎందులకు వచ్చెనో ఆయనకే తెలియదు. ఇంటనుండజాలక వచ్చెను. కాల్చిన బొగ్గువలె నల్లబడిన గుంజల నడుమ నూకరాజు నేలమీద చతికిలబడి యుండెను. అప్పుడే శ్మశానమునుండి వచ్చినందున తడిబట్టలింకను ఆఱలేదు. అచ్చియ్యమ్మ యొడిలో బిడ్డ గుక్కపట్టి యేడ్చుచుండెను. పంతులును చూచి నూకరాజు లేచి నిలువబడి తలగుడ్డ తీసి చేత బట్టుకొనెను. అతడు తిట్టునని పంతులు ఎదురుచూచెను. కొట్టినను పడవలెనని నిశ్చయించుకొని వచ్చెను. నూకరాజు తిట్టలేదు.

“మాది నిజిం నిప్పేనా బాబూ?” అని యతడు మెల్లగా అడిగెను. “మీరు రాసిత్తే గానీ ఆళ్ళకి కూలి రాదంట. నా గుంటడ్ని తెచ్చినోడికి సేతులు కాలిపోనాయి. నిజిందేనని రాసీండి బాబూ.”

ఆ దీనుని కంఠమున కోపము లేదు, ఎత్తిపొడుపు లేదు, సందేహమొక్కటియే కలదు. భార్యను దహనము చేసి వచ్చినవాడు తన యిల్లు నిజముగా కాలినదో లేదో పెద్దలు తేల్చినగాని తెలియదని నమ్మి యున్నాడు. అట్లు నమ్మునట్లు చేసినవాడు తానే. పంతులు సిగ్గుతో కుంగిపోయి ఆ మసినేలమీదనే కూర్చుండిపోయెను. పిదప కాగితమును కలమును తెప్పించుకొని నిజమైన నిప్పు అని వ్రాసి యిచ్చి కన్నులు తుడిచికొనుచు లేచి పోయెను.

మఱునాడు సభకు ఎన్నడును రానంత జనము వచ్చిరి. పంతులు మోసమును బయటపెట్టునను వార్త ఊరంతయు ప్రాకియుండెను. ఆయన లేచెను. ఎప్పటివలె ఉత్తరీయము సవరించుకొనలేదు.

“ఆర్యులారా! మోసము జరిగినమాట నిజము. నిప్పునకు కూలి కట్టిన నాడే అది జరిగినది. ఆ తీర్మానము నాది. ఆకలిగొన్నవానితో ఊరు కాలిననే నీకు కూడు అని మనమందఱము చెప్పితిమి. అతడు విన్నాడు. ఈ పురము కాలక నిలిచిన ప్రతిదినమును వారి పనిదినమే. ఆ దినములకే మనము పన్ను కట్టవలెను. నెలజీతము మరల నియ్యవలెనని కోరుచున్నాను.”

అధ్యక్షుడు కనుబొమలు ముడిచి, “ఆ మోసగాండ్ర పేరులు చెప్పెదనంటిరి గదా?” అని యడిగెను. “చెప్పితిని,” అని పంతులు కూర్చుండెను. కొంతసేపు గుసగుసలు చెలరేగెను. నిన్నటి చావు అందఱి కన్నుల యెదుట నుండుటచే కాదనుటకు నోరాడక కొందఱును ఎందులకు చేయెత్తుచున్నారో తెలియక కొందఱును చేతులెత్తిరి. నెలజీతము మరల నెలకొనెను. పన్ను పెరుగుననియు అందఱికిని తెలిసెను.

సభ ముగిసినపిమ్మట పంతులు మెట్లు దిగుచుండగా ఇద్దఱు వర్తకులు స్తంభము చాటున మాటలాడుకొనుట ఆయన చెవిని బడెను.

“ఈయనకెంత ముట్టిందంటావ్?”

“ముట్టకపోతే ఈయన నోట ఆ మాట వస్తుందా? జమేదారుతో ఎప్పుడో కుదుర్చుకుని ఉంటాడు.”

పంతులు గిరుక్కున వెనుదిరిగెను. ఎన్నడును ఒకరి యెంగిలిమెతుకు ముట్టి యెఱుగని తన జీవితమంతయు ఆయన నాలుక చివరకు వచ్చెను. కాని ఏమని నిరూపించును? ఎవరిని సాక్ష్యము పిలుచును? తాను నిజాయితీపరుడనని ఎంత గట్టిగా చెప్పినను ఆ గట్టిదనమే మఱియొక అనుమానమునకు తావిచ్చునని ఆయనకంటె నెక్కువగా నెఱిగినవాడు ఆ పురమున లేడు. ఇన్నేండ్లుగా తాను పరులను గూర్చి యాడిన మాటలే వేఱొకరి గొంతున వినవచ్చుచున్నవని గ్రహించి ఆయన తక్కిన మెట్లు దిగెను.

ఆ దినమునుండి మాధవపట్టణమున పాతకప్పులు కాలుట మానెను; బంట్రోతులకు నెలనెలయు జీతము ముట్టుచుండెను; పన్ను కట్టువారు సణగుకొనుచునే కట్టుచుండిరి. లోకమున వ్యయమునకు వెఱచి రక్షణను బేరమాడువారు ఆ బేరపు వెల తమ యింటనే చెల్లింతురని నియమము లేదు. అది తఱచుగా బేరమున పాలుగొనని వారి యింటనే చెల్లును. బండివీధిలో అచ్చియ్యమ్మ మనుమనికి మేకపాలు పట్టుచుండెను. వాడు రెండు గుక్కలు త్రాగి మొగము త్రిప్పుకొని తల్లికొఱకు ఏడ్చుచుండెను. ఆ యేడుపునకు బదులు చెప్పగల తీర్మానమును ఏ సభయు నేటివఱకు చేయలేదు.